చిప్ మనది సరే, బ్రౌజర్‌ను ఎవరు చూసుకుంటారు?

డిజిటల్ ఇండియా రిస్క్-ఫైవ్ కార్యక్రమాన్ని నడుపుతున్న ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక మంత్రిత్వ శాఖ అధికారులకు, ఐఐటీ మద్రాసు ‘శక్తి’ బృందానికి, ప్రభుత్వ కంప్యూటింగ్ పరిశోధన సంస్థ సీడాక్ ‘వేగ’ బృందానికి

నమస్కారం.

నేను చెన్నైలో ఉంటూ, అందరికీ తెరిచి ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మీద పనిచేసే తెలుగు ఇంజనీరును. రిస్క్-ఫైవ్ అంటే ఎవరైనా ఉచితంగా వాడుకోగల ప్రాసెసర్ ఆదేశాల ప్రమాణం. దాని మీద మీరు కడుతున్న స్వదేశీ ప్రాసెసర్లే శక్తి, వేగ. చుట్టుతిరుగుడు లేకుండా అడుగుతాను. స్వదేశీ ప్రాసెసర్ల కోసం మీరు పెడుతున్న డబ్బులో ఒక చిన్న భాగాన్ని, ఆ ప్రాసెసర్ల మీద వెబ్ బ్రౌజర్‌ను ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండే మనుషులకు కేటాయించండి. బహుమతిగా కాదు, నెల నెలా జీతంగా.

మీరు చేసిన పనిని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. 2018లో శక్తి చిప్ చండీగఢ్ పక్కన మొహాలీలో ఉన్న సెమీకండక్టర్ లేబొరేటరీలో 180 నానోమీటర్ల పద్ధతిలో తయారైందని చదివి మిఠాయి పంచిన వాళ్లు మా ఆఫీసులో ఉన్నారు. 2022 ఏప్రిల్‌లో మీ కార్యక్రమం మొదలైంది. 2025 డిసెంబరులో సీడాక్ ధ్రువ్64 వచ్చింది: 64 బిట్లు, రెండు కోర్లు, 1 గిగాహెర్ట్జ్. ఆ వార్త వచ్చిన వారంలో చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో నాకు తెలిసిన దుకాణదారుకు చెబితే ఆయన గిగాహెర్ట్జ్ గురించి అడగలేదు, నానోమీటర్ల గురించి అడగలేదు. “క్రోమ్ వస్తుందా సార్?” అన్నాడు. రాదు. రిస్క్-ఫైవ్ లినక్స్ కంప్యూటర్లకు గూగుల్ క్రోమ్‌ను ఇవ్వడం లేదు. దాని మూలమైన క్రోమియం కోడ్‌ను తెచ్చుకుని ఎవరికి వాళ్లు కట్టుకోవాలి, లేదా ఫైర్‌ఫాక్స్ వాడుకోవాలి.

మా చిప్‌లు డెస్క్‌టాప్‌ల కోసం కాదు, విద్యుత్ మీటర్లకు, రౌటర్లకు, పరిశ్రమల్లో నియంత్రణకు అని మీరు అనవచ్చు. ఈ రోజుకు అది నిజం. కానీ టికెట్ యంత్రం తెర మీదా, ఆసుపత్రి రిజిస్ట్రేషన్ కౌంటర్‌లోనూ, ఫ్యాక్టరీలో యంత్రం పక్కన ఉండే చిన్న ప్యానెల్‌లోనూ ఇప్పుడు కనిపించేది చాలాచోట్ల వెబ్ పేజీయే. వెబ్ పేజీల పద్ధతిలో అప్లికేషన్లు కట్టే ఎలక్ట్రాన్ అనే సాధనంతో రాసిన ప్రతి అప్లికేషన్ కడుపులోనూ ఒక క్రోమియం ఉంటుంది. ప్రోగ్రామర్లు రోజూ వాడే వీఎస్ కోడ్ కూడా ఆ కోవలోదే. బ్రౌజర్ లేని ప్రాసెసర్ డెస్క్‌టాప్‌ను మాత్రమే కోల్పోతుందనుకోవడం పొరపాటు. ఇల్లు కట్టుకుంటూ మెట్రో వాటర్ కనెక్షన్ సంగతి తర్వాత చూద్దాంలే అనుకునే మనిషి చెన్నైలో ఎవరూ ఉండరు.

ఇక అసలు ఇబ్బంది ఎక్కడుందో చెప్పాలి, ఎందుకంటే మంచి ప్రోగ్రామర్లు కూడా “మళ్లీ కంపైల్ చేస్తే సరిపోతుంది కదా” అని తేల్చేస్తారు. కంపైల్ అంటే మనుషులు రాసిన కోడ్‌ను ప్రాసెసర్ ఆదేశాల్లోకి మార్చడం. చాలా భాగం వరకు వాళ్ల మాట నిజమే. తెలుగు లిపినే తీసుకోండి. గుణింతాలనూ ఒత్తులనూ వాటి స్థానంలో కూర్చోబెట్టే హార్ఫ్‌బజ్ లైబ్రరీకి కింద ఏ ప్రాసెసర్ ఉందన్న పట్టింపు లేదు. ‘రాష్ట్రం’ అన్న మాట రిస్క్-ఫైవ్ బోర్డు మీద కూడా ఏ ఒత్తూ జారకుండా వస్తుంది. చిక్కంతా వెబ్ పేజీలను పనిచేయించే భాష జావాస్క్రిప్ట్ దగ్గర.

జావాస్క్రిప్ట్ ప్రోగ్రామును బ్రౌజర్ మొదట చదువుకుంటూ నడిపిస్తుంది. ఏ ఫంక్షన్ పదే పదే వస్తోందో గమనించి, దాన్ని అప్పటికప్పుడు ఆ ప్రాసెసర్ సొంత ఆదేశాల్లోకి మార్చి మెమరీలో రాసుకుంటుంది. దీన్నే జిట్ అంటారు. క్రోమియంలో వీ8, ఫైర్‌ఫాక్స్‌లో స్పైడర్‌మంకీ చేసే పని ఇదే. అంటే బ్రౌజర్ లోపల ఒక పూర్తి కంపైలర్ ఉంది. అది ఇంటెల్ ఆదేశాలు రాయడం నేర్చుకున్నంత మాత్రాన రిస్క్-ఫైవ్ ఆదేశాలు రాయలేదు. ప్రతి ప్రాసెసర్ కుటుంబానికీ ఆ భాగాన్ని మనుషులు విడిగా రాయాలి.

రిస్క్-ఫైవ్‌లో దీనికి సొంత చిక్కులున్నాయి. షరతు మీద గెంతే ఆదేశం ముందుకో వెనక్కో 4 కిలోబైట్లు మాత్రమే గెంతగలదు. షరతు లేని గెంతుకు 1 మెగాబైటు వరకు వీలుంది. జిట్ పుట్టించే కోడ్ ఆ హద్దు దాటితే మధ్యలో ఇంకో గెంతు పెట్టాలి. 64 బిట్ల సంఖ్యను ప్రాసెసర్ లోపలి చిన్న గడి అయిన రిజిస్టర్‌లోకి తేవడానికి ఒక ఆదేశం చాలదు, వరుసగా కొన్ని కావాలి. ఆ సంఖ్య తర్వాత మారితే వాటన్నిటినీ జాగ్రత్తగా తిరగరాయాలి. వీటన్నిటికంటే మొండిది క్యాష్ వ్యవహారం, అంటే ప్రాసెసర్ తన దగ్గర తాత్కాలికంగా దాచుకునే నకలు సంగతి. కొత్తగా రాసిన కోడ్‌ను ప్రాసెసర్ చూడాలంటే ఫెన్స్.ఐ అనే ఆదేశం ఇవ్వాలి. కానీ ఆ ఆదేశం దాన్ని ఇచ్చిన కోర్‌కే వర్తిస్తుంది. పక్క కోర్ పాత కోడ్‌నే నడుపుతూ ఉండవచ్చు. అందుకే లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్‌లో దీనికి ప్రత్యేకంగా ఒక సిస్టమ్ కాల్ (ప్రోగ్రాము కెర్నెల్‌ను పని అడిగే దారి) పెట్టారు. దాన్ని ఒక్క చోట పిలవడం మరిచిపోతే బ్రౌజర్ వారమంతా బాగానే నడిచి, ఎనిమిదో రోజు ఏ కారణమూ చెప్పకుండా కూలిపోతుంది. రెండు కోర్లున్న ధ్రువ్64 మీద ఇలాంటి లోపాన్ని వెతికే ఇంజనీరు ఎవరు? ఇది ఎకసెక్కం కాదు. ఆ వ్యక్తి పేరు మీ దగ్గర ఉందా అని నిజంగానే అడుగుతున్నాను.

సాండ్‌బాక్స్ మరో చోటు. హానికరమైన వెబ్ పేజీ బయటికి రాకుండా బ్రౌజర్ తన ప్రాసెస్‌లకు కొన్ని సిస్టమ్ కాల్స్ మాత్రమే అనుమతిస్తుంది. ఆ జాబితా ప్రాసెసర్‌ను బట్టి మారుతుంది. రిస్క్-ఫైవ్ లినక్స్‌లో ‘ఓపెన్’ అనే పాత కాల్ లేనే లేదు, దాని బదులు ‘ఓపెన్‌ఎట్’ వాడాలి. ఇంటెల్ కోసం రాసిన నియమాలను మక్కికి మక్కి తెస్తే కుదరదు. విసుగొచ్చి సాండ్‌బాక్స్‌ను ఆపేసి నడిపించుకునే వాళ్లను నేను చూశాను. ప్రభుత్వ కార్యాలయంలో అలా నడిస్తే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

జిట్ లేకపోయినా బ్రౌజర్ తెరుచుకుంటుంది. వార్తలు చదువుకోవచ్చు. మ్యాప్ తెరిస్తే, పెద్ద ఫారం నింపితే, స్ప్రెడ్‌షీట్ పేజీ ఎక్కితే తేడా తెలుస్తుంది: వేగం కొన్ని రెట్లు పడిపోతుంది. బరువైన ప్రోగ్రాములను వెబ్ పేజీలో వేగంగా నడిపే వెబ్‌అసెంబ్లీ, ఫైర్‌ఫాక్స్‌లో జిట్ లేకపోతే అసలు ఉండదు. అప్పుడు జనం బ్రౌజర్‌ను తిట్టరు. “దేశీ చిప్ ఇంతేలే” అంటారు.

అదృష్టవశాత్తు రిస్క్-ఫైవ్‌కు ఈ పనిలో ఎక్కువ భాగం ఇప్పటికే జరిగింది. చేసింది మనం కాదు. 2021లో వీ8కు రిస్క్-ఫైవ్ భాగం చేరడంలోనూ, ఆ తర్వాత స్పైడర్‌మంకీలో చేరడంలోనూ చైనా సైన్సెస్ అకాడమీ కింద నడిచే పీఎల్‌సీటీ ల్యాబ్ ఇంజనీర్లది పెద్ద చెయ్యి. లూంగ్‌సన్ అనే చైనా సంస్థ తన సొంత లూంగార్చ్ ప్రాసెసర్‌కు ఈ రెండు ఇంజన్లలోనూ తన వాళ్ల చేతే పని చేయించింది. అందరికీ తెరిచి ఉన్న కోడ్ అది. మనమూ వాడుకోవచ్చు, వాడుకుంటున్నాం, అందులో నామోషీ ఏమీ లేదు. నామోషీ ఎక్కడంటే, మనది మన చేతిలోనే ఉండాలని చెప్పే కార్యక్రమానికి, దాని పైన నడిచే అతి పెద్ద ప్రోగ్రాములో రాతకోతలు తెలిసిన మనిషి సొంతంగా లేకపోవడంలో. రేపు ఆ ల్యాబ్ తన చూపును వేరే ప్రాసెసర్ వైపు తిప్పితే ఏమి చేస్తాం?

ఇది ఊహించి భయపెట్టడం కాదు. పవర్ ప్రాసెసర్ల కథ చూడండి. వెనక ఐబీఎం ఉంది. జావాస్క్రిప్ట్‌ను సర్వర్లలో నడిపే నోడ్ జేఎస్‌కు కావాలి గనుక వీ8లో పవర్ భాగాన్ని శ్రద్ధగా చూసుకుంటున్నారు. కానీ పవర్ డెస్క్‌టాప్‌కు మొత్తం క్రోమియం కట్టాలంటే, అసలు కోడ్‌లో చేరని సవరణలను (ప్యాచ్‌లను) ప్రతి విడుదలకూ ఎవరో ఒకరు బయట మోసుకు తిరగాలి. ఫైర్‌ఫాక్స్ అధికారిక కోడ్‌లోనైతే పవర్‌కు జిట్టే లేదు. వ్యాపారానికి ఎంత మేర అవసరమో అంత మేరే పని జరిగింది, మిగతాది అభిమానులకు వదిలేశారు. అభిమానుల ఓపికకూ హద్దు ఉంటుంది. ఆపిల్ వదిలేసిన పాత పవర్‌పీసీ మ్యాక్‌ల కోసం కామెరాన్ కైజర్ టెన్‌ఫోర్‌ఫాక్స్ పేరుతో ఫైర్‌ఫాక్స్‌ను దశాబ్దానికి పైగా బతికించాడు. 2021లో అది ఆగింది. అంతకాలం లాక్కురావడమే గొప్ప.

మనకు బాగా తెలిసిన ప్రాసెసర్లకు కూడా ఇదే గతి పడుతోంది. వేళచ్చేరిలో మేం కొందరం తెలుగువాళ్లం ఆఫీసులు పారేసే కంప్యూటర్లను బాగుచేసి, శ్రీకాకుళం, విజయనగరం నుంచి ఇక్కడి నిర్మాణ పనులకు వచ్చిన కుటుంబాల పిల్లలకు ఇస్తుంటాం. వాటిలో 32 బిట్ల ఇంటెల్ యంత్రాలు కూడా ఉంటాయి. 2025లో ఫైర్‌ఫాక్స్ 144తో 32 బిట్ల లినక్స్‌కు మామూలు విడుదలలు ఆగిపోయాయి. ఒకప్పుడు దేశమంతా నిండిన ప్రాసెసర్ కూడా బ్రౌజర్ తయారీదారుల లెక్కలో అరుదైనదిగా మారగలదు. కొత్తగా పుట్టిన దాన్ని ఎవరు పట్టించుకుంటారు, అడిగే మనిషి అక్కడ కూర్చుని ఉంటే తప్ప?

ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లాలో వేదికలను, అంటే ప్రాసెసర్, ఆపరేటింగ్ సిస్టమ్ జంటలను, శ్రేణులుగా విడదీస్తారు. మొదటి శ్రేణిలో ఉన్న వేదిక మీద ఒక మార్పు వల్ల పరీక్షలు విఫలమైతే ఆ మార్పునే వెనక్కి తీసేస్తారు. మూడో శ్రేణిలో ఉంటే మార్పు అలాగే ఉంటుంది. బాగుచేసుకోవడం ఆ వేదిక మనుషుల పని. రిస్క్-ఫైవ్ మొదటి శ్రేణిలో లేదు. అక్కడికి చేరాలంటే డిమాండ్ లేఖలు చాలవు. పరీక్షలు నడిపే యంత్రాలు కావాలి, విఫలమైతే ఆ రోజే చూసే మనుషులు కావాలి. యంత్రాలు ఇవ్వడం తేలిక. మనుషులను ఇవ్వడమే మన ప్రభుత్వాలకు ఎందుకో చేతకాదు.

2023లో మంత్రిత్వ శాఖ స్వదేశీ బ్రౌజర్ పోటీ పెట్టింది, మొత్తం బహుమతి 3.41 కోట్ల రూపాయలు. 2025 మార్చిలో మా చెన్నై సంస్థ జోహోకు మొదటి బహుమతిగా కోటి రూపాయలు వచ్చాయి. సంతోషించాం. ఆ సంస్థ ఉలా బ్రౌజర్ క్రోమియం మీద కట్టినదే, అందులో తప్పేమీ లేదు. సున్నా నుంచి కొత్త ఇంజను రాయమని ఎవరినీ అడగలేం. కానీ క్రోమియం ఎక్కడ నడవదో అక్కడ దాని మీద కట్టినదీ నడవదు. ఒక శాఖ ఒక చేత్తో దేశీ చిప్‌కు, ఇంకో చేత్తో దేశీ బ్రౌజర్‌కు డబ్బిచ్చినప్పుడు ఈ రెండూ ఒకదానితో ఒకటి పలకరించుకోవాలన్న షరతు ఎందుకు పెట్టకూడదు? సెమీకండక్టర్ మిషన్‌కు 2021లో ప్రకటించినది 76,000 కోట్లు. అందులో పైసలు లెక్కపెట్టినంత మొత్తంతో అరడజను మంది ఇంజనీర్లు పదేళ్లు ఈ పని చేయగలరు.

సాఫ్ట్‌వేర్ కుదిరినా చివరకు దారి మూసేది మన సొంత వెబ్‌సైట్లే. పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు మా దగ్గరికి వస్తుంటారు. మా దగ్గరున్న రిస్క్-ఫైవ్ బోర్డులో ఉన్నది భారతీయ చిప్ కాదు, చైనా సంస్థ స్టార్‌ఫైవ్ రూపొందించిన జేహెచ్7110. నాలుగు కోర్లు, 1.5 గిగాహెర్ట్జ్. ఆదేశాల కుటుంబం మాత్రం శక్తి, వేగలదే. డెబియన్ 13 అనే లినక్స్‌లో ఫైర్‌ఫాక్స్ తెరిచి ఇస్తే ఆయన తెలుగు పేపర్ చదివారు, క్రికెట్ స్కోరు చూశారు. తర్వాత తన పెన్షన్ ఖాతా ఉన్న బ్యాంకు పేజీ తెరిచారు. మీ బ్రౌజర్‌కు మద్దతు లేదని ఎర్ర అక్షరాలు వచ్చాయి.

“మనవాళ్లు చేస్తున్న రకం ప్రాసెసరే అన్నావు కదా బాబూ, మన బ్యాంకే లోపలికి రానివ్వదేమిటి?”

“ప్రాసెసర్‌తో దానికి సంబంధం లేదండీ. మనం ఎవరమో బ్రౌజర్ ఒక వరుస పంపిస్తుంది. అది వాళ్ల జాబితాలో లేదు.”

“అయితే?”

ఆ వరుసను మార్చి, విండోస్ మీద క్రోమ్ అని చెప్పించాను. పేజీ వెంటనే తెరుచుకుంది. లాగిన్, ఓటీపీ, స్టేట్‌మెంట్ అన్నీ పనిచేశాయి. అంటే సాంకేతికంగా అడ్డేమీ లేదు. ఎవరో ఎప్పుడో రాసిన జాబితా ఒకటి ఉంది, అంతే. జీవితమంతా రైల్వేలో నిక్కచ్చిగా పనిచేసిన మనిషికి తన బ్యాంకు దగ్గర అబద్ధం చెప్పే విధానం నేర్పించాల్సి వచ్చినందుకు నాకు చిరాకేసింది. ఆయనకు మాత్రం సరదాగా అనిపించింది, అది వేరే సంగతి.

ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఉంటేనే తెరుచుకునే ప్రభుత్వ పేజీలతో ఒక తరం వేగింది. 2022 జూన్ 15న మైక్రోసాఫ్టే దాన్ని విరమించింది. పేరు మారి అదే అలవాటు క్రోమ్‌తో కొనసాగుతోంది. టెండర్లకు, కంపెనీ పత్రాలకు వాడే డిజిటల్ సంతకం టోకెన్ల (యూఎస్‌బీ పరికరాల) సంగతి ఇంకా ఘోరం: వాటి డ్రైవర్లు మూలం కనిపించని బైనరీలుగా వస్తాయి, విండోస్‌కో, మహా అయితే ఇంటెల్ లినక్స్‌కో. రిస్క్-ఫైవ్ కంప్యూటర్ కొన్న ప్రభుత్వ విభాగం తన టెండర్‌ను తానే సంతకం చేసి పెట్టలేదు. నకలు తీయకుండా ఉండేందుకు సినిమా వేదికలు అడిగే వైడ్‌వైన్ కూడా రిస్క్-ఫైవ్‌కు లేదు, అది గూగుల్ ఇస్తే రావాలి. దాని గురించి మిమ్మల్ని అడగను. టోకెన్ల గురించి అడుగుతాను, ఎందుకంటే సంతకాల ధ్రువీకరణ సంస్థలకు లైసెన్సు ఇచ్చే కంట్రోలర్ మీ శాఖ కిందే ఉన్నారు. డ్రైవర్ మూలం ఇవ్వాలి, లేదా రిస్క్-ఫైవ్‌కు కట్టి ఇవ్వాలి అని నిబంధనల్లో ఒక వాక్యం చేరిస్తే చాలు. వెబ్‌సైట్లకు మీరే 2023లో మూడో విడత మార్గదర్శకాలు ఇచ్చారు. బ్రౌజర్ పేరు చూసి తలుపు మూయకూడదు, ఏ సౌకర్యం కావాలో దాన్ని మాత్రమే పరీక్షించాలి అని అందులోనూ ఒక వాక్యం.

తొందర ఎందుకంటే, రిస్క్-ఫైవ్ ప్రపంచం నిలబడి ఎదురుచూడటం లేదు. ప్రాసెసర్‌లో ఏ ఆదేశాలు ఉండాలో చెప్పే ఆర్‌వీఏ23 ప్రొఫైల్ 2024లో ఖరారైంది. ఒకేసారి చాలా సంఖ్యల మీద పనిచేసే వెక్టర్ ఆదేశాలు అందులో తప్పనిసరి. ఉబుంటు అనే మరో లినక్స్ 25.10 విడుదల నుంచి దాన్నే కనీస అర్హతగా పెట్టేసింది. మా బోర్డు ఆ వరుసలో లేదు. వెక్టర్ భాగం లేని శక్తి సి-క్లాస్ కోర్ కూడా లేదు. డెబియన్ ఇంకా పాత ప్రమాణంతోనే కడుతోంది గనుక బతికిపోయాం. రేపు బ్రౌజర్లలో వీడియో డీకోడర్లు, జిట్‌లు వెక్టర్ ఉంటుందన్న నమ్మకంతో రాయడం మొదలైతే, లేని చిప్‌లకు పక్కదారి ఉంచమని పట్టుబట్టాల్సింది మనమే. సిలికాన్‌లోకి వెళ్లిన చిప్‌కు కొత్త ఆదేశాలు నేర్పలేం.

కాబట్టి తరమణిలోనో, బెంగళూరులోనో, తిరువనంతపురంలోనో ఒక చిన్న జట్టును పెట్టండి. వాళ్ల పని చిప్ ఆవిష్కరణ సభలో డెమో చూపించడం కాకూడదు. వీ8, స్పైడర్‌మంకీ, క్రోమియం సాండ్‌బాక్స్: ఈ మూడు చోట్లా వాళ్ల పేర్లు బాధ్యుల జాబితాలో ఉండాలి. వాళ్లను మూడేళ్ల ప్రాజెక్టు కాంట్రాక్టు మీద తీసుకోకండి. కోడ్‌ను లోతుగా అర్థం చేసుకునే సరికే ఆ గడువు అయిపోతుంది, ఆ మనిషి చెన్నై ఐటీ కంపెనీల రోడ్డు ఓఎంఆర్ మీది ఏదో కంపెనీకి వెళ్లిపోతాడు. డెబియన్ మీద నిలబడిన మన బాస్ లినక్స్ సీడాక్ చెన్నైలోనే పుట్టింది. ఆ అనుభవం ఉన్నవాళ్లను పక్క గదిలోంచి పిలవవచ్చు. మా వంతుగా, చేతిలో ఉన్న బోర్డు మీద తెరుచుకోని ప్రభుత్వ పేజీల జాబితా, కూలిపోయిన సందర్భాల నివేదికలు మొదటి రోజే అప్పగిస్తాం.

ఆ జట్టును ఎన్ని ప్యాచ్‌లు పంపారని అడగకండి. ఈసారి ఫైర్‌ఫాక్స్ విడుదల ఇంటెల్‌కు వచ్చిన రోజే రిస్క్-ఫైవ్‌కూ వచ్చిందా, రాకపోతే ఎన్ని రోజులు ఆలస్యమైంది అని అడగండి. ఏ ప్రాసెసర్‌కు ఏ ప్రోగ్రాము కట్టగలిగారో చెప్పే డెబియన్ బిల్డ్ ఫలితాలు ఎవరైనా చూడగలిగేలా బయటే ఉంటాయి. మీరు నివేదిక ప్రచురించకపోయినా మేం అక్కడ చూసుకుంటూనే ఉంటాం.

ఇట్లు,
వేళచ్చేరి నుంచి ఒక తెలుగు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు
చెన్నై